పిల్లలకు స్కూల్ లైబ్రరీలో దారి తెలియాలంటే ముందు మనం పుస్తకం తీసి ఇవ్వడం మానాలి

నమస్తే టీచర్ గారూ.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సుమారు మూడు వేల పుస్తకాలున్న లైబ్రరీ బాధ్యత మీకు అప్పగించారు. అన్నిటికీ నంబర్లు ఉన్నాయి. మొదటి రోజే పది విభాగాల చార్టు గోడకు పెట్టి అన్ని తరగతులకూ వివరించారు. అయినా రెండు నెలల తర్వాత కూడా పిల్లలు మీ బల్ల చుట్టూ మూగి "మేడమ్, పాముల పుస్తకం ఎక్కడుంది?" అని అడుగుతున్నారు. నలభై నిమిషాల పీరియడ్ పుస్తకాలు వెతికి ఇవ్వడానికే సరిపోతోంది. నంబర్లు తీసేసి రంగు స్టిక్కర్లు అంటించేయమంటారా అని అడిగారు.

నంబర్లు తీసేయకండి. రంగులు కొంతవరకు వాడుకోవచ్చు, ఆ సంగతి కింద రాస్తాను. కానీ అసలు చిక్కు నంబర్లలో ఉందని నాకు అనిపించడం లేదు. అడగ్గానే పుస్తకం చేతికొస్తుంటే ఏ పిల్లవాడూ దారి నేర్చుకోడు. వాడికి ఆ అవసరం రాదు.

ఇది నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా స్కూల్ లైబ్రరీల్లో పనిచేస్తున్నాను. మొదటి నాలుగైదేళ్లు ఏ పుస్తకం ఏ అరలో ఉందో నాకు కంఠతా వచ్చేది. పిల్లలు అడిగిన అరనిమిషంలో తెచ్చి చేతిలో పెట్టేదాన్ని. టీచర్లందరూ మెచ్చుకునేవారు, నాకూ సంతోషంగా ఉండేది. ఒకసారి ఒంట్లో బాగాలేక పది రోజులు సెలవు పెట్టాను. తిరిగి వచ్చి రిజిస్టర్ చూస్తే ఆ పది రోజుల్లో పట్టుకెళ్లిన పుస్తకాలు మామూలుగా ఒక్క రోజులో వెళ్లేవాటి కంటే తక్కువ. గది తెరిచే ఉంది, పుస్తకాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, పిల్లలు కూడా వచ్చారు. కాసేపు అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయారట. వాళ్లకు తెలిసింది నేను మాత్రమే, లైబ్రరీ తెలియదు. ఆ రోజు చాలా బాధపడ్డాను. ఆ తర్వాత నా పని తీరు మార్చుకున్నాను.

మీరు ముందుగా ఒక వారం పాటు ఏమీ నేర్పకండి. గది పటం ఒక కాగితం మీద గీసుకోండి. తలుపు, కిటికీలు, మీ బల్ల, ప్రతి ర్యాక్ అందులో ఉండాలి. పీరియడ్‌లో ఒక మూల కూర్చుని, ఐదారుగురు పిల్లల్ని ఎంచుకుని, లోపలికి వచ్చాక వాళ్లు ఎటు నడిచారో పెన్సిల్‌తో గీతలు గీయండి. ఎక్కడ ఆగారు, ఏ అరలో చెయ్యి పెట్టారు, ఎక్కడ నుంచి వెనక్కి తిరిగారు, ఇవి గుర్తు పెట్టుకోండి. వారం చివర ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే మీ గది పిల్లలకు ఎలా కనబడుతోందో తెలుస్తుంది.

నేను ఇలా చూసిన ప్రతి స్కూల్లోనూ కొన్ని విషయాలు మళ్లీ మళ్లీ కనబడ్డాయి. పిల్లలు తమ కళ్ల ఎత్తులో ఉన్న అర, దాని కింద అర, ఈ రెండే చూస్తారు. అట్టడుగు అర కోసం వంగరు. పై అరలో ఏముందో వాళ్లకు తెలియనే తెలియదు. ముందు వెళ్లినవాళ్లు ఎక్కడ ఆగితే వెనక వచ్చినవాళ్లు అక్కడే ఆగుతారు. తలుపుకు వీపు పెట్టి నిలబెట్టిన ర్యాక్ వెనక్కి ఎవరూ వెళ్లరు.

వీటన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. నాలుగో తరగతి అబ్బాయి ఒకడు 598 కోసం, అంటే పక్షుల పుస్తకాల కోసం వెతుకుతున్నాడు. నంబరు సరిగానే రాసుకున్నాడు. ర్యాక్ కూడా సరైనదే. పై అరలో 590 దగ్గర మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి వేలు జరుపుకుంటూ వెళ్లాడు. అర అయిపోయాక కిందికి దిగకుండా పక్క ర్యాక్ పై అరలోకి వెళ్లిపోయాడు. అక్కడ 612 కనబడింది. అంటే పక్షులు లేవనుకుని వెళ్లిపోయాడు. వాడు చేసింది తప్పని ఎలా అంటాం? నోటుబుక్కులో వాక్యం చదివినట్టు గోడ పొడవునా చదివాడు. అరలను చదవాల్సిన తీరు వేరు. న్యూస్‌పేపర్‌లో ఒక కాలమ్ పై నుంచి కింది దాకా చదివి, ఆ తర్వాతే పక్క కాలమ్‌కు వెళ్తాం కదా, ర్యాక్ కూడా అలాగే. పెద్దవాళ్లం ఇది ఎప్పుడో అలవాటు చేసుకుని మరచిపోయాం. పిల్లలకు ఎవరూ చెప్పరు. వచ్చే పీరియడ్‌లో ఒక పాత న్యూస్‌పేపర్ తెచ్చి, కాలమ్ మీద వేలు పెట్టి చూపించి, ఆ తర్వాత ర్యాక్ దగ్గర అదే చేసి చూపించండి. ప్రతి అర కుడి చివర కిందికి చూపే బాణం గుర్తు అంటించండి. అట్టడుగు అర చివర మాత్రం పక్క ర్యాక్ పైకి చూపే బాణం పెట్టండి. ఖర్చు లేని పని, కానీ నేను చేసిన మార్పులన్నిటిలో దీనివల్ల వచ్చినంత ఫలితం మరి దేనివల్లా రాలేదు.

ఇక బోర్డుల సంగతి. చాలా లైబ్రరీల్లో ర్యాక్ మీద 'సహజ విజ్ఞాన శాస్త్రాలు', 'సాంఘిక శాస్త్రాలు' అని రాసి ఉంటుంది. రెండో తరగతి పాపకు అందులో ఏ మాటా తనది కాదు. ఆ పాప వెతుకుతున్నది కప్పల కోసం. అందుకే పెద్ద బోర్డు కింద పిల్లల మాటల్లో చిన్న చీటీలు పెట్టండి: పాములు, కప్పలు, పిట్టలు, పురుగులు, గ్రహాలు, రైళ్లు. ప్రతి చీటీకీ ఒక బొమ్మ ఉండాలి. ఇంకా చదవడం రాని పిల్లలకు ఆ బొమ్మే బోర్డు. చీటీని అర అంచుకు అతికిస్తే ఎదురుగా నిలబడినవాళ్లకే కనబడుతుంది. దుకాణం బోర్డులా అరకు అడ్డంగా బయటికి పొడుచుకు వచ్చేట్టు పెడితే నడుస్తూనే చదువుకోవచ్చు. ఎత్తు విషయంలోనూ జాగ్రత్త పడాలి. మన కళ్లకు అందే ఎత్తులో కాకుండా మూడో తరగతి పిల్ల కళ్లకు అందే ఎత్తులో పెట్టండి. ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని మీ గది చూడండి, ఏవి కనబడటం లేదో మీకే తెలుస్తుంది.

చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలకు వెన్నులు చాలా సన్నగా ఉంటాయి. అరలో నిలబెడితే పేరే కనబడదు. వాటిని ముఖం కనబడేట్టు పెట్టాలి, లేదా తక్కువ ఎత్తు పెట్టెల్లో నిలబెట్టి పిల్లలు ఒక్కొక్కటే ముందుకు వంచి చూసుకునేట్టు ఉంచాలి. అరలు కూడా కిక్కిరిసి ఉండకూడదు. ప్రతి అరలో నాలుగో వంతైనా ఖాళీ ఉంటే పిల్లలు పుస్తకం తీయగలరు, తిరిగి పెట్టగలరు. చోటు లేదంటారేమో. చిరిగినవి, కాలం చెల్లినవి పక్కకు తీస్తే చోటు దానంతట అదే వస్తుంది. ఉదాహరణకు, ప్లూటో 2006 ఆగస్టు నుంచి గ్రహాల లెక్కలో లేదు. సూర్యుడి చుట్టూ తొమ్మిది గ్రహాలు తిరుగుతున్నాయని చెప్పే పుస్తకం ఇంకా అరలో ఉంటే, దాని పక్కనున్న మంచి పుస్తకానికి అది అడ్డం. ర్యాక్‌ల మధ్య దారి 90 సెంటీమీటర్లకు తగ్గకుండా చూడండి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలు మీ స్కూల్లో ఇప్పుడు లేకపోయినా రేపు రావచ్చు. ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడి వెతకడానికి కూడా ఆ వెడల్పు కావాలి.

ఇప్పుడు నంబర్ల దగ్గరికి వద్దాం. మీ లైబ్రరీలో ఉన్నది డ్యూయీ దశాంశ వర్గీకరణ అని మీ వివరాలను బట్టి అర్థమైంది. అమెరికా లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో దీన్ని ప్రచురించాడు. జ్ఞానాన్నంతా పది భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్లీ పది, దాన్ని మళ్లీ పది చేసుకుంటూ పోయాడు. 500 విజ్ఞాన శాస్త్రం. అందులో 590 జంతువులు. 595లో వెన్నెముక లేని కొన్ని జీవులు. 595.7 కీటకాలు. 595.789 దగ్గరికి వస్తే సీతాకోకచిలుకలు. ఒక్కో అంకె చేరేకొద్దీ విషయం చిన్నదవుతుంది. ఈ అందం పిల్లలకు చూపించండి. పది విభాగాల పేర్లు మాత్రం బట్టీ పట్టించకండి. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నా, 100 నుంచి 199 వరకు ఏముందని నన్ను అడిగిన పిల్లలు ఇద్దరో ముగ్గురో. చార్టు చదివించి పరీక్ష పెడితే చార్టు వస్తుంది తప్ప పుస్తకం దొరకదు.

పిల్లలు నిజంగా తడబడేది రెండు చోట్ల. మొదటిది దశాంశం. 595.44 సాలీళ్లు, 595.7 కీటకాలు. ఏది ముందు అని అడగండి. తరగతిలో సగం మంది 595.7 ముందు అంటారు, ఎందుకంటే 7 కంటే 44 పెద్దది. లెక్కల్లో దశాంశాలు ఇంకా రాని పిల్లలకు ఆ జవాబే సహజం. వాళ్లకు లెక్కల భాషలో చెప్పకండి. చుక్క తర్వాత ఉన్న అంకెల్ని అక్షరాల్లా చదవమనండి. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మొదటి అక్షరం చూస్తాం, అది కలిస్తేనే రెండోది చూస్తాం. ఇక్కడా అంతే. చుక్క తర్వాత మొదటి అంకె 4, రెండోదానిలో 7. నాలుగు ముందు. అంతటితో సరి, మిగతా అంకెలు చూడనక్కర్లేదు. సీతాకోకచిలుకలు 595.789, చీమలు 595.796. మొదటి అంకె కలిసింది, రెండో అంకెలో తేలింది. నాలుగో తరగతి పిల్లలకు ఈ పద్ధతి పది నిమిషాల్లో వస్తుంది. అంతకంటే చిన్నవాళ్లకు చుక్క ముందున్న మూడంకెలు చాలు. ఒకటి, రెండు తరగతులకు ఆ మూడూ అక్కర్లేదు, బొమ్మ చీటీ చాలు.

రెండోది దీనికంటే లోతైనది, టీచర్లకు కూడా సాధారణంగా తట్టదు. పిల్లలు ఎక్కువగా అడిగే పుస్తకాలు సరిగ్గా వాళ్లు ఊహించని చోటే ఉంటాయి. కుక్కల గురించి కావాలంటే ఎవరైనా జంతువుల దగ్గరికే వెళ్తారు. 599లో తోడేలు ఉంటుంది, పులి ఉంటుంది, ఏనుగు ఉంటుంది, పెంపుడు కుక్క మాత్రం ఉండదు. మనిషి పెంచుకునే జంతువుల్లో చాలావరకు వ్యవసాయం పక్కన 636లో ఉంటాయి, కుక్కలు 636.7, పిల్లులు 636.8. డైనోసార్లు కూడా జంతువుల్లో లేవు, శిలాజాలతో పాటు 567.9లో ఉంటాయి. జానపద కథలు, రాజుల కథలు సాహిత్యం ఉన్న 800లో ఉంటాయనుకుంటాం, అవి సాంఘిక విషయాల మధ్య 398.2లో ఉంటాయి. బొమ్మల కథలు, కామిక్స్ చిత్రకళ పక్కన 741.5లో ఉంటాయి. కుక్కలు, డైనోసార్లు, కథలు, కామిక్స్. మీ బల్ల దగ్గర గుంపుగా నిలబడే పిల్లల్లో చాలామందికి కావలసినవి ఇవే కదా. వాళ్లు ఒకసారి తాము అనుకున్న చోటికి వెళ్లి, లేదని తెలుసుకుని, ఇక వెతకడం దండగని తేల్చుకున్నారు. అప్పటి నుంచి మీ దగ్గరికి వస్తున్నారు.

దీనికి నేను చేసేది ఇది. పిల్లలు పొరపాటున వెళ్లే చోట పుస్తకం సైజులో ఒక గట్టి అట్ట నిలబెడతాను. దాని వెన్ను మీద కుక్క బొమ్మ, ముఖం మీద పెద్ద అక్షరాలతో "పెంపుడు కుక్కలు ఇక్కడ లేవు. కిటికీ పక్క ర్యాక్‌లో 636 దగ్గర ఉన్నాయి" అని రాస్తాను. ఎందుకు అక్కడ ఉన్నాయో ఒక వాక్యం కూడా రాస్తాను, ఎందుకంటే కారణం తెలిసిన దారి మరచిపోరు. "తోడేలు అడవిది, కుక్క మన ఇంటిది, అందుకే వేరు వేరు ర్యాక్‌లు" అని ఒక మూడో తరగతి పాప తన తమ్ముడికి చెబుతుంటే విన్నాను. ఇలాంటి అట్టలు పదో పన్నెండో సరిపోతాయి. ఏ విషయాలకు పెట్టాలో మీ బల్ల దగ్గర వచ్చే ప్రశ్నలే చెబుతాయి. రెండు వారాల పాటు ఆ ప్రశ్నలన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

రంగుల గురించి అడిగారు కాబట్టి చెబుతాను. పది రంగులు పది పెద్ద విభాగాలకు బాగానే పనిచేస్తాయి. పుస్తకం తప్పు ర్యాక్‌లోకి వెళ్తే దూరం నుంచే కనబడుతుంది, అది పెద్ద లాభం. కానీ మూడు వందల సైన్సు పుస్తకాలకూ ఒకే పచ్చ స్టిక్కర్ ఉంటే పాము ఎక్కడుందో రంగు చెప్పలేదు. మగపిల్లల్లో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, ఆ సంగతి వాళ్లకూ తెలియకపోవచ్చు. అందుకే రంగుతో పాటు ఒక చిన్న బొమ్మ గానీ గుర్తు గానీ ఉండాలి. నంబరు మాత్రం ఉంచండి. డ్యూయీ పద్ధతిని 130కి పైగా దేశాల్లో వాడుతున్నారు. మీ దగ్గర 523 అంటే గ్రహాలు, నక్షత్రాలు అని తెలిసిన పాప రేపు ఇంకో లైబ్రరీకి వెళ్లి అదే నంబరు దగ్గర నిలబడగలదు. మీ స్టిక్కర్ రంగు ఈ గది దాటితే పనికిరాదు.

రంగు విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా వద్దంటాను. చదివే స్థాయిని బట్టి పుస్తకం వెన్ను మీద రంగు వేయకండి. ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతి రంగు పుస్తకం పట్టుకుంటే పక్కవాళ్లందరికీ తెలిసిపోతుంది. అలా తెలిసిపోయిన రోజు నుంచి వాడు లావుపాటి పుస్తకం పట్టుకుని పేజీలు తిప్పుతూ కూర్చుంటాడు, ఒక్క ముక్క చదవడు. నేను ఇది కళ్లారా చూశాను.

కథల పుస్తకాల దగ్గర లెక్క వేరు. అవి రచయిత పేరులోని అక్షరాన్ని బట్టి ఉంటాయి. పిల్లలకు రచయిత పేరు గుర్తుండదు, "ఎర్ర అట్ట, మీద గుర్రం బొమ్మ" గుర్తుంటుంది. కథలను మాత్రం నవ్వు కథలు, సాహసాలు, దయ్యాల కథలు, జంతువుల కథలు అని గుంపులు చేయడం నాకు ఇష్టమే. ఆ గుంపు లోపల అక్షర క్రమం ఉంచితే చాలు. తెలుగు పుస్తకాలకు ఇంటిపేరు అక్షరం తీసుకోవాలా, అసలు పేరు అక్షరమా అన్న సందేహం వస్తుంది. ఏదో ఒకటి నిర్ణయించి, ఆ నియమాన్ని గోడ మీద రాసి, అన్ని పుస్తకాలకూ అదే పాటించండి. సగం అలా, సగం ఇలా ఉంటే ఎవరికీ దొరకవు.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన భాగం, పుస్తకం తీసి ఇవ్వకుండా ఉండటం. పిల్లవాడు వచ్చి అడిగినప్పుడు నేను లేచి వాడితో నడుస్తాను, కానీ అరడుగు వెనక. ముందు వాడే నడవాలి. నేను ప్రశ్నలు మాత్రమే అడుగుతాను.

"పాము అంటే ఏమిటి?"

"జంతువు."

"జంతువుల బొమ్మ ఏ ర్యాక్ మీద ఉందో కనబడుతోందా?"

"అదిగో."

"పద. ఇక్కడ చీటీలు చదువు, పాము ఎక్కడుంది?"

"చేపల పక్కన."

"ఏ నంబరు?"

"597."

"ఇక వేలు పెట్టి వెతుక్కో. నేను ఇక్కడే ఉంటాను."

మొదటిసారి ఐదు నిమిషాలు పట్టింది. మూడోసారికి వాడు నన్ను చూసి నోరు తెరిచి, మళ్లీ మూసేసి తనే వెళ్లిపోయాడు. మీరు వేలితో చూపించకండి. మన వేలు చూపించిన మరుక్షణం పిల్లల కళ్లు బోర్డు వదిలి వేలు వెంట వస్తాయి. ఇదంతా పిల్లల సమయం వృథా అని ఒక తోటి టీచర్ నాతో వాదించారు. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్. ఆర్. రంగనాథన్ గారు 1931లో లైబ్రరీల కోసం రాసిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమనే కదా అన్నారు. ఆ సూత్రాన్ని నేను నమ్ముతాను. ఆ ఐదు నిమిషాలు ఖర్చు పెట్టకపోతే అదే పిల్లవాడు ఎనిమిదేళ్ల పాటు ప్రతి పుస్తకానికీ క్యూలో నిలబడతాడు. ఆదా ఎక్కడుందో లెక్క చూసుకోవచ్చు. అయితే ఏడుపు మొహంతో వచ్చిన పిల్లకు, జ్వరం తగ్గి మొదటి రోజు వచ్చిన పిల్లవాడికి, గంట కొట్టడానికి రెండు నిమిషాలు ఉన్నప్పుడు వచ్చినవాళ్లకు నేనే తీసి ఇస్తాను. ప్రతిసారీ పాఠం చెప్పాల్సిన పనిలేదు.

మీ మొదటి రోజు క్లాసు ఎందుకు నిలవలేదో కూడా ఇందులోనే ఉంది. ఆ రోజు ఏ పిల్లవాడికీ ఏ పుస్తకమూ అక్కర్లేదు. అక్కర లేనప్పుడు విన్నది గుర్తుండదు. అదే సమాచారాన్ని ముక్కలు చేసి, పీరియడ్ మొదట్లో పది నిమిషాలు చొప్పున ఎనిమిది, పది వారాలు చెప్పండి. ఒక వారం అరలు చదివే దిశ, ఒక వారం వెన్ను మీద లేబుల్, ఒక వారం కుక్కలు ఎక్కడికి వెళ్లాయన్న కథ. క్లాసులో అప్పుడు ఏ పాఠం నడుస్తోందో ఆ టీచర్‌ను అడిగి తెలుసుకోండి. అగ్నిపర్వతాల పాఠం వస్తే ఆ వారం 551 దగ్గరికి తీసుకెళ్లండి.

నంబర్ల క్రమం కోసం ఒక ఆట బాగా పనికొస్తుంది. పది మంది పిల్లలకు నంబరు రాసిన అట్టలు ఇచ్చి వాళ్లనే అరలా వరసగా నిలబడమనండి. పదకొండో పిల్లవాడు ఇంకో నంబరుతో వచ్చి తన చోటు వెతుక్కోవాలి, ఆ చోటుకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు పక్కకు జరగాలి. కొత్త పుస్తకం వచ్చినప్పుడు అర ఎలా జరుగుతుందో ఒంటితో తెలుస్తుంది. గడియారం పెట్టి పోటీలు మాత్రం పెట్టకండి. నేను రెండేళ్లు నిధి వేటలు పెట్టాను. చురుకైన నలుగురు పరుగెత్తేవారు, మిగతా ముప్పై మంది వాళ్ల వెంట పరుగెత్తేవారు, దారి మాత్రం ఎవరూ చూడలేదు. ఇద్దరిద్దరిని జతగా పంపి, టైమ్ లేకుండా, తమకు కావలసిన పుస్తకమే వెతికి తెమ్మంటే ఆ టెన్షన్ ఉండదు.

కంప్యూటర్ క్యాటలాగ్ ఉందని రాశారు, కానీ పిల్లలు వాడటం లేదన్నారు. ఒక్క అక్షరం తప్పు పడితే అందులో ఏమీ రాదు. పెద్దలు మళ్లీ ప్రయత్నిస్తారు, పిల్లలు పుస్తకం లేదనుకుంటారు. కంప్యూటర్ పక్కన తరచూ వెతికే మాటల స్పెల్లింగ్ జాబితా పెట్టండి. దానికంటే ముఖ్యం, చిన్న కాగితం ముక్కలు, ఒక దారానికి కట్టిన పెన్సిల్. తెర మీద నంబరు చూసి ర్యాక్ దాకా వెళ్లేసరికి పిల్లలు అది మరచిపోతారు. రాసుకున్న తర్వాతే కుర్చీ లేవాలి అన్నది నా లైబ్రరీలో నియమం. ఇంకొక సంగతి: 'చీమలు' అని కొడితే ఏమీ రాకపోవచ్చు, అంతమాత్రాన చీమల గురించి పుస్తకం లేనట్టు కాదు. చీమ ఏ పెద్ద గుంపులోది అని అడగండి. కీటకాల పుస్తకం తెరిచి, చివరి పేజీల్లోని పదసూచికలో చీమ పేరు, పేజీ నంబరు చూపించండి. అర దాకా చేరాక పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. పుస్తకం మొదట్లో విషయసూచిక, చివర్లో పదసూచిక ఉంటాయని, ఒకటి పాఠాల వరస, రెండోది మాటల వరస అని తెలిస్తే లావుపాటి పుస్తకం చూసి భయపడరు.

తిరిగి పెట్టడం గురించి చాలామంది అడుగుతారు. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క, అందుకని చిన్న తరగతుల వాళ్లను నేను అరలో పెట్టనివ్వను, తలుపు పక్కన బుట్టలో వేయమంటాను. చూడటానికి తీసినప్పుడు మాత్రం ఆ ఖాళీలో ఒక పొడవాటి అట్టముక్క పెట్టమంటాను. నచ్చకపోతే పుస్తకం సరిగ్గా అట్ట ఉన్న చోటికే వెళ్తుంది. ఒక్కొక్కరికీ తమ పేరు రాసిన అట్ట ఇస్తే ఇష్టంగా వాడతారు. ఆరో తరగతి నుంచి ఒక్కో జతకు ఒక్కో అర అప్పగించండి. వారానికి ఒకసారి ఆ అర నంబర్లు మొదటి నుంచి చివర దాకా సరిచూడటం వాళ్ల పని. నా దగ్గర చదవడంలో బాగా వెనకబడిన ఒక అమ్మాయి 590ల అర తీసుకుంది. రెండు నెలలకు పక్క తరగతి పిల్లలు జంతువుల గురించి ఆ అమ్మాయినే వచ్చి అడిగేవారు. తనూ నాలాగే అరడుగు వెనక నడవడం చూశాను.

మీరు చేయాల్సినవి చాలా రాసేశాను, అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం గది పటం, పిల్లల నడక గీతలు. వచ్చే వారం బాణాలు, న్యూస్‌పేపర్ పాఠం. ఆ తర్వాత బొమ్మ చీటీలు, దారి చూపే అట్టలు. గీతలు గీశాక ఎవరూ వెళ్లని ర్యాక్ ఒకటైనా బయటపడుతుంది. అది ఏ విభాగమో, తలుపు నుంచి ఎటువైపు ఉందో, కిటికీ వెలుగు అక్కడ పడుతుందో లేదో ఇక్కడే రాయండి. ర్యాక్ జరపాలా, బోర్డు మార్చాలా, పుస్తకాలే మార్చాలా అన్నది అప్పుడు చెప్పగలను.